బంతి ఎప్పుడు ‘డెడ్’ అయింది? పిల్లల సాఫ్ట్‌బాల్‌లో అంపైర్లను తికమక పెట్టే ప్రశ్న

క్లుప్తంగా: బేస్‌బాల్‌ను పోలిన సాఫ్ట్‌బాల్‌లో బంతి ఎవరి చేతిలో ఎంత నింపాదిగా కనిపించినా, నిబంధనల్లో పేర్కొన్న ఘటన జరిగితేనో అంపైర్ ఆపితేనో తప్ప డెడ్ కాదు, అంటే ఆట ఆగదు. అలాంటి ఘటనల్లో కొన్ని ఆటను అక్కడికక్కడే ఆపుతాయి, మరికొన్ని కొంత ఆగి ఆపుతాయి. రన్నర్లకు దక్కే బేస్‌ల లెక్క కూడా సరైన క్షణాన్ని పట్టుకోవడం మీదే ఆధారపడుతుంది. ఒక్కో లీగ్‌కు ఒక్కో నిబంధనావళి, దానిపై స్థానిక సవరణలు ఉండటంతో పిల్లల మ్యాచ్‌లలో ఈ క్షణం తరచూ వివాదంగా మారుతోంది.

ఈ ఆటలో బంతి వేసేది పిచర్, బ్యాటర్ వెనుక దాన్ని అందుకునేది క్యాచర్. బ్యాటర్ మూడు బేస్‌లూ వరసగా తాకి హోమ్ ప్లేట్‌కు తిరిగి వస్తే ఒక పరుగు, ఆ దారిలో ఉన్నవారు రన్నర్లు. ఇప్పుడు థర్డ్ బేస్ మీద ఒక రన్నర్ ఉంది. బ్యాటర్‌కు నాలుగో ‘బాల్’ (కొట్టదగిన పరిధి బయట పడిన బంతి) పడింది, అంటే వాక్, ఆమెకు ఫస్ట్ బేస్ ఉచితం. ఆమె బ్యాట్ పక్కన పెట్టి ఫస్ట్ బేస్ వైపు కదిలింది. క్యాచర్ బంతిని పిచర్‌కు విసిరింది. ఇన్‌ఫీల్డ్‌లోని పిల్లలు ఇక పనేమీ లేదన్నట్టు బూట్లతో మట్టి చదును చేసుకుంటున్నారు. బ్యాటర్ ఫస్ట్ బేస్ తాకి, ఆగకుండా సెకండ్ బేస్ వైపు మళ్లింది. పిచర్ ఉలిక్కిపడి సెకండ్ బేస్‌కు విసిరింది. ఆ సందులో థర్డ్ బేస్ మీది రన్నర్ హోమ్ ప్లేట్ తాకేసింది. డగౌట్‌లోంచి కోచ్ ‘డెడ్ బాల్’ అని అరుస్తున్నాడు. గ్యాలరీలోని తల్లిదండ్రులదీ అదే మాట. అంపైర్ మాత్రం చేతులు ఎత్తలేదు.

ఫాస్ట్‌పిచ్ (బంతిని వేగంగా వేసే సాఫ్ట్‌బాల్) నిబంధనల ప్రకారం ఇక్కడ అంపైర్‌దే సరైన వైఖరి. మామూలు వాక్ వల్ల బంతి డెడ్ కాదు. బ్యాటర్ ఫస్ట్ బేస్ దాటి పరుగు కొనసాగించవచ్చు, మిగతా రన్నర్లు అవుటయ్యే ప్రమాదానికి సిద్ధపడి ముందుకు పోవచ్చు. అరుస్తున్న కోచ్‌కు నిబంధనలు బొత్తిగా తెలియవనీ చెప్పలేం. స్లో పిచ్ సాఫ్ట్‌బాల్‌లో వాక్ ఇవ్వగానే బంతి డెడ్ అవుతుంది. ఫాస్ట్‌పిచ్‌లోనూ ఉద్దేశపూర్వకంగా వాక్ ఇస్తున్నామని అంపైర్‌కు చెప్పి పంపిస్తే బంతి డెడ్ అవుతుంది. చిన్నపిల్లల లీగ్‌లు కొన్ని స్థానిక నిబంధనతో ప్రతి వాక్‌నూ డెడ్‌గా పరిగణిస్తాయి. నాలుగు రకాల ఆటలు చూసిన మనిషికి నాలుగూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

ఆపేవరకు ఆగని ఆట

క్రికెట్‌తో పోల్చి చూస్తే ఈ చిక్కు మూలం కనిపిస్తుంది. క్రికెట్ 20వ నిబంధన ప్రకారం బంతి వికెట్‌కీపర్ చేతిలోనో బౌలర్ చేతిలోనో స్థిరపడితే దానంతట అదే డెడ్ అవుతుంది. ఫీల్డింగ్ జట్టు, ఇద్దరు బ్యాటర్లు బంతిని ఇక ఆటలో ఉన్నట్టు భావించడం లేదని అంపైర్‌కు స్పష్టమైనా డెడ్ అయినట్టే. అంటే ఆటగాళ్ల వైఖరికి అక్కడ విలువ ఉంది. ఆ విలువ ఎంత వివాదాస్పదమో 2023 యాషెస్‌లో లార్డ్స్ టెస్టు చూపించింది. ఓవర్ చివరి బంతిని వదిలేసి క్రీజు దాటి వచ్చిన జానీ బెయిర్‌స్టోను ఆస్ట్రేలియా కీపర్ అలెక్స్ కేరీ స్టంప్ చేశాడు. బంతి డెడ్ అయిందని బ్యాటర్ అనుకున్నాడు, కాలేదని అంపైర్లు తేల్చారు.

సాఫ్ట్‌బాల్‌లో ఆటగాళ్లు ఏమనుకున్నారన్న ప్రశ్నే లేదు. పిచర్ చేతికి బంతి చేరినా, అందరూ నిలబడిపోయినా బంతి లైవ్‌లోనే ఉంటుంది. అది డెడ్ కావడానికి దారులు రెండే. ఒకటి, నిబంధనల్లో రాసి ఉన్న ఘటన జరగడం: ఫౌల్ (మైదానం గీతల బయటికి కొట్టిన) బంతిని ఎవరూ పట్టుకోకపోవడం, పిచ్ (పిచర్ బ్యాటర్‌కు వేసే బంతి) బ్యాటర్‌ను తాకడం, విసిరిన బంతి మైదానం హద్దు దాటడం, ఫీల్డర్‌కు రన్నర్ అడ్డుతగలడం లాంటివి. రెండోది, అంపైర్ ‘టైమ్’ అనడం. కోచ్ టైమ్ అడిగినంత మాత్రాన టైమ్ అయిపోదు. ఆటలోని కదలిక ముగిశాక అంపైర్ ఇస్తేనే అవుతుంది. దీనికి ముఖ్యమైన మినహాయింపు తీవ్రమైన గాయం. ఆటగత్తె ప్రమాదంలో ఉందని తోస్తే అంపైర్ ఆట మధ్యలోనే ఆపి, రన్నర్లు చేరగలిగి ఉండేవారనుకున్న బేస్‌లు ఇవ్వవచ్చు.

సంకేతాల తీరు కూడా దీనికి అనుగుణంగానే ఉంటుంది. బంతి డెడ్ అయితే అంపైర్ రెండు చేతులూ పైకెత్తి గట్టిగా చెబుతారు. ఫెయిర్ (గీతల లోపలికి కొట్టిన) బంతికి మాత్రం నోరు మెదపరు, మైదానం లోపలి వైపు చేయి చూపిస్తారు అంతే. నిశ్శబ్దానికి ఇక్కడ అర్థం ‘ఆట నడుస్తోంది’ అని. పిల్లలూ పెద్దలూ దాన్ని ‘ఏమీ జరగడం లేదు’ అని చదువుకుంటారు.

సర్కిల్ భ్రమ

పిల్లల సాఫ్ట్‌బాల్‌లో అన్నిటికన్నా బలంగా పాతుకుపోయిన అపోహ పిచర్ చుట్టూ గీసే సర్కిల్‌ది. ఎనిమిది అడుగుల వ్యాసార్ధంతో, అంటే 16 అడుగుల వ్యాసంతో సున్నం గీత ఉంటుంది. బంతి ఆ గీత లోపలికి వస్తే డెడ్ అయినట్టేనని చాలామంది కోచ్‌లు పిల్లలకు నేర్పేస్తారు. ఎనిమిదేళ్ల పిల్లలకు అది సులువైన పాఠమే. సులువుగా వచ్చిన పాఠం వదలడం మాత్రం కష్టం.

నిజానికి సర్కిల్‌కు సంబంధించింది లుక్ బ్యాక్ నిబంధన. అది రన్నర్ల మీద ఆంక్ష. పిచర్ సర్కిల్‌లో బంతిని అదుపులో ఉంచుకుని, బ్యాటర్ ఫస్ట్ బేస్ చేరాక లేదా అవుటయ్యాక ఈ నిబంధన అమల్లోకి వస్తుంది. అప్పటికి కదలికలో ఉన్న రన్నర్ అలాగే ముందుకు సాగవచ్చు, లేదా ఒక్కసారి ఆగి వెంటనే ఏదో ఒక వైపు తేల్చుకుని పోవాలి. ఊగిసలాడకూడదు. బేస్ మీద నిలబడి ఉన్న రన్నర్ ఆ బేస్ వదలకూడదు. ఉల్లంఘిస్తే ఆ క్షణాన బంతి డెడ్, రన్నర్ అవుట్. పిచర్ ఏ రన్నర్‌నైనా అవుట్ చేయడానికి విసిరినా, విసురుతున్నట్టు చేయి ఎత్తినా ఆంక్ష తొలగిపోతుంది.

ఇందులోని తర్కం కొంత వింతగానే ఉంటుంది. సర్కిల్‌లోకి వచ్చినప్పుడు బంతి డెడ్ కాదు. అది లైవ్‌లో ఉండగా రన్నర్ తప్పు చేస్తే అప్పుడు డెడ్ అవుతుంది. ఇద్దరు రన్నర్లు ఒకేసారి బేస్ వదిలినట్టు కనిపించినా ఒక్కరే అవుటవుతారు. మొదటి తప్పుతోనే బంతి డెడ్ అయింది కాబట్టి రెండోది లెక్కలోకి రాదు. ఇద్దరిలో ముందు కదిలింది ఎవరో అంపైర్ తేల్చాలి.

మొదట్లో చెప్పిన వాక్ ఘటనకు ఈ నిబంధన అన్వయిస్తే మరో మలుపు బయటపడుతుంది. బ్యాటర్ ఫస్ట్ బేస్ తాకే సమయానికి పిచర్ సర్కిల్‌లో బంతితో ఉన్నా, ఆగకుండా సెకండ్ బేస్‌కు పోవడం బ్యాటర్ హక్కే. థర్డ్ బేస్ మీది రన్నర్ మాత్రం పిచర్ విసరడానికి చేయి ఎత్తకముందే బేస్ వదిలి ఉంటే అవుటయ్యేది. అంపైర్ కళ్లు అప్పుడు ఎక్కడ ఉండాలి? పరుగెడుతున్న బ్యాటర్ మీదా, పిచర్ చేయి మీదా, థర్డ్ బేస్ మీదా? ఒక్కరే అంపైరింగ్ చేసే మ్యాచ్‌లో ఈ మూడింటినీ ఒకే చూపులో పట్టడం అసాధ్యమే.

వెంటనే ఎందుకు, ఆలస్యంగా ఎందుకు

లైవ్‌కూ డెడ్‌కూ మధ్య సాఫ్ట్‌బాల్‌లో మూడో స్థితి ఒకటుంది, డిలేడ్ డెడ్ బాల్. తప్పు జరిగిందని గుర్తించినట్టు అంపైర్ ఎడమ చేతిని పిడికిలి బిగించి పక్కకు చాపుతారు. ఆట మాత్రం సాగనిస్తారు. కదలిక ముగిశాక ఆపి, నష్టాన్ని సరిచేస్తారు. చాపిన ఆ చేయి చూసి ఆట ఆగిపోయిందనుకునే పిల్లలు ఎందరో. అసలు ఆ సంకేతమే తెలియని పెద్దలు అంతకన్నా ఎక్కువ.

ఏ తప్పుకు వెంటనే ఆపాలి, దేనికి ఆగాలి అన్నది బట్టీ పట్టాల్సిన జాబితాలా కనిపిస్తుంది. తప్పు ఎవరిదో చూస్తే ఆ జాబితాలో చాలా భాగం దానంతట అదే అర్థమవుతుంది. బ్యాటింగ్ జట్టు తప్పు చేస్తే, ఉదాహరణకు గ్రౌండర్‌ను (నేల మీద దొర్లే బంతిని) అందుకోబోతున్న ఫీల్డర్‌ను రన్నర్ ఢీకొంటే, ఆట కొనసాగితే లాభపడేది తప్పు చేసినవాళ్లే. అందుకే వెంటనే డెడ్. ఆ రన్నర్ అవుట్, మిగతావాళ్లు ఆ క్షణానికి చివరిగా తాకిన బేస్‌లకు వెనక్కి. ఫీల్డింగ్ జట్టు తప్పు చేస్తే, అంటే బంతి చేతిలో లేని ఫీల్డర్ రన్నర్ దారికి అడ్డు నిలిస్తే, వెంటనే ఆపడం బ్యాటింగ్ జట్టుకే దెబ్బ. మిగతా రన్నర్లు చేరబోయే బేస్‌లు, రాబోయే పరుగులు పోతాయి. అందుకే ఆలస్యం. నిబంధనకు విరుద్ధంగా వేసిన పిచ్, బ్యాటర్ స్వింగ్‌కు క్యాచర్ గ్లవ్ తగలడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. క్యాచర్ తప్పు విషయంలో, జరిగిన ఆట ఫలితం తీసుకోవాలో నిబంధన ఇచ్చే బేస్ తీసుకోవాలో బ్యాటింగ్ జట్టు ఎంచుకోవచ్చు.

ఈ సూత్రం అన్నిచోట్లా పనిచేయదు. పిచ్ బ్యాటర్‌ను తాకడం ఫీల్డింగ్ జట్టు పొరపాటే అయినా బంతి వెంటనే డెడ్. దెబ్బ తగిలిన పిల్ల పడి ఉండగా చుట్టూ పరుగులు సాగడం ఎవరూ కోరుకోరు కదా.

కొత్త అంపైర్లు ఎక్కువగా జారిపడేది అబ్‌స్ట్రక్షన్ (ఫీల్డర్ రన్నర్‌కు అడ్డు నిలవడం) దగ్గరే. ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డర్ అడ్డు రాగానే కంగారులో చేతులెత్తి ‘డెడ్ బాల్’ అనేస్తారు. అప్పటికి బంతి అవుట్‌ఫీల్డ్‌లో దొర్లుతుంటుంది, ఇద్దరు రన్నర్లు హోమ్ దిశగా ఉంటారు. ఇక వాళ్లు ఎక్కడిదాకా వెళ్లేవారన్నది ఊహ తప్ప మరేమీ కాదు. సరైన పద్ధతిలో చేయి చాపి, ఆట సాగనివ్వాలి. అడ్డం ఎదురైన రన్నర్‌ను ఆ రెండు బేస్‌ల మధ్య ఎవరైనా ట్యాగ్ చేస్తే (చేతిలోని బంతితో తాకితే) అప్పుడు డెడ్ ప్రకటించి, అడ్డు లేకుంటే ఆమె చేరి ఉండే బేస్ ఇవ్వాలి.

బేస్‌బాల్ నుంచి వచ్చిన అంపైర్లకు ఇక్కడ అదనపు చిక్కు ఉంది. ప్రొఫెషనల్ బేస్‌బాల్ నిబంధనల్లో అబ్‌స్ట్రక్షన్ రెండు రకాలు. అడ్డం ఎదురైన రన్నర్‌నే అవుట్ చేసే ప్రయత్నం అప్పుడు జరుగుతుంటే బంతి వెంటనే డెడ్ అవుతుంది, లేకుంటే ఆట సాగుతుంది. సాఫ్ట్‌బాల్‌లో ఆ విభజన లేదు. బేస్‌బాల్ పుస్తకం తలలో పెట్టుకుని సాఫ్ట్‌బాల్ మైదానంలో నిలబడిన అంపైర్ సగం సార్లు సరిగ్గానే చెబుతారు. ఎప్పుడూ తప్పే చెబితే ఆ పొరపాటు త్వరగా బయటపడేది.

కనిపించే తీరు ఒకటి, జరిగింది మరొకటి

కొన్ని ఘటనలు చూడటానికి ఒకేలా ఉంటాయి, వాటి ఫలితాలు మాత్రం పూర్తిగా వేరు. బ్యాట్ అంచును తాకి నేరుగా, వేగంగా క్యాచర్ గ్లవ్‌లోకి పోయి చిక్కితే అది ఫౌల్ టిప్. అది స్ట్రైక్ (మూడు పడితే బ్యాటర్ అవుట్), బంతి లైవ్, రన్నర్ స్టీల్ చేయవచ్చు, అంటే బంతిని కొట్టకపోయినా తర్వాతి బేస్‌కు పరుగెత్తవచ్చు. అదే బంతి గ్లవ్‌కు తగిలి కిందపడితే మామూలు ఫౌల్, బంతి డెడ్, రన్నర్ వెనక్కి. తేడా క్యాచర్ పట్టిందా జారవిడిచిందా అన్నదే. గ్యాలరీలో మాత్రం బ్యాట్ అంచుకు తగిలిన ప్రతి బంతినీ ఫౌల్ టిప్ అనేస్తారు. ‘ఫౌల్’ అన్న మాట వినబడితే చాలు, రన్నర్ సగం దారిలో ఆగిపోతుంది. ఈ నిబంధనకు పెట్టిన పేరే పిల్లలను తప్పుదారి పట్టిస్తోంది.

ఇన్‌ఫీల్డ్ ఫ్లై మరో ఉదాహరణ. ఇద్దరు అవుట్ కాకముందు, ఫస్ట్, సెకండ్ బేస్‌లలో లేదా మూడు బేస్‌లలోనూ రన్నర్లు ఉండగా, ఇన్‌ఫీల్డర్ సులువుగా పట్టగలిగిన బంతి గాల్లోకి లేస్తే అంపైర్ బ్యాటర్ అవుటని ముందే ప్రకటిస్తారు. ఆ కేక వినగానే ఆట ఆగిందని అందరికీ అనిపిస్తుంది. ఆగదు. బంతి కిందపడినా లైవ్‌లోనే ఉంటుంది, రన్నర్లు సొంత బాధ్యత మీద పరుగెత్తవచ్చు. బ్యాటర్ అవుటైంది కాబట్టి వాళ్లను బేస్ తాకి అవుట్ చేయడం కుదరదు, ట్యాగ్ చేయాలి. దీని పక్కనే మరో నిబంధన ఉంది. ఇద్దరు అవుట్ కాకముందు ఫస్ట్ బేస్‌లో రన్నర్ ఉండి, సులువైన క్యాచ్‌ను ఇన్‌ఫీల్డర్ కావాలని వదిలేస్తే బంతి వెంటనే డెడ్, బ్యాటర్ అవుట్, రన్నర్ వెనక్కి. కావాలని క్యాచ్ వదిలి ఇద్దరిని అవుట్ చేసే ఒకేరకం మోసాన్ని అరికట్టడానికి పుట్టిన రెండు నిబంధనల్లో ఒకటి బంతిని లైవ్‌లో ఉంచుతుంది, రెండోది డెడ్ చేస్తుంది. అనుభవమున్న అంపైర్లు కూడా ఇక్కడ ఒక క్షణం ఆగి ఆలోచిస్తారంటే ఆశ్చర్యం లేదు.

పిచ్ బ్యాటర్‌ను తాకిన సందర్భంలో బంతి డెడ్ అన్నదాని మీద పేచీ ఉండదు, ఆ తర్వాత ఏమిటన్నదే పేచీ. నేలను తాకి లేచి తగిలినా అది తగిలినట్టే, బ్యాటర్‌కు ఫస్ట్ బేస్ దక్కుతుంది. చేతికి తగిలితే బ్యాట్‌కు తగిలినట్టే అన్నది అపోహ, చేయి బ్యాట్‌లో భాగం కాదు. కానీ ఆమె బ్యాట్ ఊపి ఉంటే అది స్ట్రైక్. మూడో స్ట్రైక్ అయితే బంతి క్యాచర్‌ను దాటి ఎంత దూరం దొర్లినా బ్యాటర్ అవుటే. క్యాచర్ మూడో స్ట్రైక్ బంతిని జారవిడిస్తే బ్యాటర్ ఫస్ట్ బేస్‌కు పరుగెత్తే అవకాశం ఉండేది లైవ్ బంతికే కదా. స్టీల్ చేస్తూ సెకండ్ బేస్ దాకా చేరిన రన్నర్ కూడా, ఫస్ట్ బేస్ ఖాళీ చేయాల్సిన అవసరం లేకపోతే, వెనక్కి రావాల్సిందే. ఆమె ఎంత వేగంగా పరుగెత్తినా బంతి అంతకుముందే డెడ్ అయింది.

హద్దు దాటిన బంతి, తప్పే లెక్క

ఈ అంశంలో పరుగుల మీద నేరుగా ప్రభావం చూపేది ఓవర్‌త్రో. ఫీల్డర్ విసిరిన బంతి డగౌట్‌లోకో కంచె అవతలికో పోతే డెడ్ అవుతుంది, రన్నర్లకు రెండు బేస్‌లు దక్కుతాయి. ఎక్కడి నుంచి రెండు? బంతి ఫీల్డర్ చేయి వదిలిన క్షణానికి రన్నర్ చివరిగా తాకిన బేస్ నుంచి. బంతి డెడ్ అయింది ఒక క్షణాన, లెక్క మొదలయ్యేది అంతకుముందు మరో క్షణాన. వివాదాలన్నీ ఈ రెండు క్షణాల మధ్యే నడుస్తాయి.

రైట్ ఫీల్డ్ నుంచి థర్డ్ బేస్‌కు విసిరిన బంతిని తీసుకుందాం. బంతి చేయి వదిలినప్పుడు రన్నర్ ఫస్ట్, సెకండ్ బేస్‌ల మధ్య ఉంది. బంతి గాల్లో ఉండగా సెకండ్ బేస్ తాకింది. ఆ తర్వాత బంతి కంచె దాటింది. చేయి వదిలిన క్షణాన్ని బట్టి ఆమెకు దక్కేది థర్డ్ బేస్. కంచె దాటిన క్షణాన్ని బట్టి లెక్కేస్తే హోమ్ దక్కుతుంది. ఒక పరుగు తేడా.

మైదానాల్లో చలామణిలో ఉన్నది మరో సూత్రం, ‘ఒకటి ప్లస్ ఒకటి’. అంటే రన్నర్ పోతున్న బేస్, దానిమీద ఇంకొకటి. ముందుకు పరుగెడుతున్న రన్నర్ విషయంలో ఈ సూత్రం చాలాసార్లు సరైన జవాబే ఇస్తుంది, అందుకే అది ఇన్నేళ్లుగా బతికి ఉంది. వెనక్కి మళ్లిన రన్నర్ దగ్గర బోర్లా పడుతుంది. పిచ్ పడ్డాక ఫస్ట్ బేస్ నుంచి కొంత ముందుకు వచ్చిన రన్నర్‌ను పట్టుకోవాలని క్యాచర్ ఫస్ట్ బేస్‌కు విసిరి, బంతి డగౌట్‌లోకి పోతే, వెనక్కి దూకుతున్న ఆ రన్నర్‌కు దక్కేది థర్డ్ బేస్. ఒకటి ప్లస్ ఒకటి లెక్కలో సెకండ్ బేస్‌తో ఆగిపోతుంది.

పిచ్ నేరుగా హద్దు దాటితే మాత్రం ఒక్క బేసే. ఫీల్డర్ బంతిని పట్టుకుని అనుకోకుండా హద్దు దాటినా ఒక్కటే, కావాలని దాటితే రెండు. కొట్టిన బంతి ఒకసారి నేలను తాకి కంచె దాటితే పిచ్ సమయానికి ఉన్న బేస్ నుంచి రెండు. ఒక్కో పరిస్థితికీ గడియారం ఒక్కో చోట ఆగుతుంది. బేస్‌బాల్‌లో మరీ తేడా. ఇన్‌ఫీల్డర్ చేసే మొదటి ఆటలో విసిరిన బంతి హద్దు దాటితే సాధారణంగా పిచ్ సమయంలో రన్నర్లున్న స్థానం నుంచి లెక్కిస్తారు. రెండు ఆటలూ ఆడించే పార్కుల్లో ఒకే అంపైర్ ఉదయం ఒక లెక్క, సాయంత్రం ఇంకో లెక్క వేయాల్సి వస్తుంది.

ఆట ఒకటే, పుస్తకాలు అనేకం

సాఫ్ట్‌బాల్‌కు ఈ బహుళత్వం పుట్టుకతోనే వచ్చింది. 1887లో చికాగోలోని ఫారగట్ బోట్ క్లబ్‌లో జార్జ్ హ్యాంకాక్ దీన్ని ఇండోర్ ఆటగా మొదలుపెట్టాక, ఊరికో పేరుతో, ఊరికో నిబంధనతో విస్తరించింది. సాఫ్ట్‌బాల్ అన్న పేరే 1920లలో వచ్చింది. నిబంధనలను ఒక గాటన కట్టే ప్రయత్నం 1930లలో జరిగింది. 1933లో ఏర్పడిన అమెచ్యూర్ సాఫ్ట్‌బాల్ అసోసియేషన్ 2017 నుంచి యూఎస్‌ఏ సాఫ్ట్‌బాల్ పేరుతో నడుస్తోంది. అమెరికాలో దానికి ఒక పుస్తకం, హైస్కూళ్ల సమాఖ్య ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్‌కు ఒకటి, 1974లో సాఫ్ట్‌బాల్ ప్రారంభించిన లిటిల్ లీగ్‌కు ఒకటి, కాలేజీలకు ఒకటి, వారాంతపు టోర్నమెంట్లు నడిపే సంస్థలకు ఇంకొన్ని. అంతర్జాతీయ పోటీలకు 2013లో ఏర్పడిన వరల్డ్ బేస్‌బాల్ సాఫ్ట్‌బాల్ కాన్ఫెడరేషన్ పుస్తకం వేరే ఉంది.

డెడ్ బాల్ విషయంలో ఈ పుస్తకాలు చాలావరకు ఒకే మాట చెబుతున్నట్టు కనిపిస్తాయి. ఇబ్బంది పెట్టేది ఆ మిగిలిన భాగమే. నిబంధనకు విరుద్ధమైన పిచ్‌కు బ్యాటర్‌కు ఒక బాల్ మాత్రమే ఇవ్వాలా, రన్నర్లకు బేస్ కూడా ఇవ్వాలా అన్నది పుస్తకాన్ని బట్టి, ఏ ఏటి ముద్రణ అన్నదాన్ని బట్టి మారుతుంది. కొట్టిన బంతి రన్నర్‌ను తాకిన సందర్భం చూడండి. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఇన్‌ఫీల్డ్ ఫ్లైని మినహాయిస్తే, రన్నర్ బేస్ మీద నిలబడి ఉన్నా అవుటే. యూఎస్‌ఏ సాఫ్ట్‌బాల్‌లో బేస్ మీద ఉన్న రన్నర్ కావాలని అడ్డుకోకపోతే అవుట్ కాదు. బంతి డెడ్ అవుతుందా లేదా అన్నది అత్యంత సమీపంలోని ఫీల్డర్ బేస్‌కు ముందు ఉన్నారా వెనుక ఉన్నారా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

వీటి మీద స్థానిక సవరణల పొర ఒకటి. పదేళ్ల లోపు పిల్లలకు పిచింగ్ దూరం 35 అడుగులు, పన్నెండేళ్ల లోపు వారికి 40, హైస్కూల్లో 43. దూరంతో పాటు బంతి చుట్టుకొలత కూడా చిన్న పిల్లలకు 11 అంగుళాలు, పెద్దలకు 12. ఇవి మార్చినట్టే కొన్ని లీగ్‌లు డెడ్ బాల్ నిబంధనలనూ పిల్లలకు అనువుగా మారుస్తాయి. కోచే పిచింగ్ చేసే ఆటలో బంతి కోచ్‌కు తగిలితే డెడ్ అనడం, ఇన్నింగ్స్‌లో పరుగుల పరిమితి నిండగానే ఆపడం, హోమ్ ప్లేట్‌కు స్టీల్ చేయడాన్ని నిషేధించడం లాంటివి. ఉద్దేశం మంచిదే. కాకపోతే పదేళ్లకు నేర్చుకున్న ‘సర్కిల్‌లోకి వస్తే డెడ్’ పన్నెండేళ్లకు తప్పవుతుంది. పాత సవరణ ఎక్కడ ముగిసిందో పిల్లలకు చెప్పేవారు అరుదు.

ఆగిన బంతిని మళ్లీ నడిపించడం

డెడ్ అయిన బంతి మళ్లీ లైవ్ కావడంలోనూ తప్పులు దొర్లుతాయి. పిచర్ బంతితో తన స్థానంలో ఉన్నాక ప్లేట్ అంపైర్ ‘ప్లే’ అని చెప్పాలి లేదా సంకేతం ఇవ్వాలి. ఫౌల్ తర్వాత రన్నర్ తన బేస్ చేరకముందే పిచర్ తొందరపడి వేసేస్తే అది పిచ్ కిందే లెక్క కాదు. ఆ బంతిని బ్యాటర్ కంచె దాటించినా హోమ్ రన్ చెల్లదు. అంపైర్ వెంటనే ‘నో పిచ్’ అని అరిచి ఉంటే గొడవ చిన్నది. బంతి కంచె దాటాక గుర్తొస్తేనే అసలు బాధ.

బంతి డెడ్‌గా ఉన్నప్పుడు ఎవరూ ముందుకు పోలేరు, ఎవరూ అవుట్ కారు అన్నది సాధారణ సూత్రం. దీనికి సాఫ్ట్‌బాల్‌లో ముఖ్యమైన మినహాయింపు అప్పీల్. రన్నర్ బేస్ తాకకుండా పోయిందనో, క్యాచ్ పట్టకముందే బయల్దేరిందనో ఫీల్డింగ్ జట్టు బంతి డెడ్‌గా ఉన్నప్పుడే నోటితో అప్పీల్ చేయవచ్చు. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అలా కుదరదు, బంతిని మళ్లీ లైవ్ చేశాకే అప్పీల్ చేయాలి. ఇది తెలియక, ‘ముందు బంతిని లైవ్ చేయండి’ అని పిల్లలను వెనక్కి పంపే అంపైర్లు ఉంటారు.

పొరపాటున అరిచిన మాట

లైవ్‌లో ఉన్న బంతిని అంపైర్ పొరపాటున డెడ్ అని ప్రకటిస్తే? ఆ తప్పును పూర్తిగా వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. అంపైర్ గొంతు విన్న మరుక్షణం ఫీల్డర్లు బంతిని వదిలేస్తారు, రన్నర్లు ఆగిపోతారు. ఆ తర్వాత జరిగి ఉండేదానికి సాక్ష్యం ఉండదు. దీనికి వ్యతిరేక దిశలోని తప్పు కొంత నయం. డెడ్ కావాల్సిన బంతిని లైవ్‌లో వదిలేస్తే, జరిగినదంతా రద్దుచేసి సరైన క్షణానికి వెనక్కి తీసుకురావచ్చు. అనుమానం వస్తే ఆట సాగనివ్వండి అని అంపైర్లకు చెప్పేది ఇందుకే. పిల్లల ఆటలో మాత్రం ఈ సలహాకు ఒక పరిమితి ఉంది. ఆగాల్సిన ఆట సాగితే జరిగే ఢీకొట్టుకోవడాలను ఏ నిబంధనా రద్దు చేయలేదు.

మార్చిన నిర్ణయం వల్ల ఒక జట్టు ఇరుకున పడితే సరిదిద్దే అధికారం అంపైర్లకు ఉంది. ఆ అధికారం వాడాలంటే ఎవరు ఎక్కడ ఉన్నారో గుర్తుండాలి. ఇద్దరు అంపైర్లున్న మ్యాచ్‌లో ఒకరు డెడ్ అంటే రెండోవారు చేతులెత్తి అదే సంకేతం ఇస్తారు, రన్నర్ల స్థానాలు ఒకరినొకరు అడిగి పోల్చుకుంటారు. ఒక్కరే ఉంటే ఆ వెసులుబాటు లేదు. అధికారుల కొరత గురించి ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ కొన్నేళ్లుగా హెచ్చరిస్తోంది, గ్యాలరీ నుంచి వచ్చే తిట్లు కూడా అందుకు ఒక కారణమని చెబుతోంది. దిగువ స్థాయి మ్యాచ్‌లలో ప్లేట్ వెనుక నిలబడేది చాలాచోట్ల టీనేజీ పిల్లలే. డిలేడ్ డెడ్ బాల్ లాంటి సూక్ష్మమైన పని వారి మీదే ఎక్కువ బరువు మోపుతుంది.

దీనికి చవకైన మందు ఒకటుంది, దాన్ని సరిగా వాడేవారు తక్కువ. మ్యాచ్‌కు ముందు హోమ్ ప్లేట్ దగ్గర కోచ్‌లతో జరిగే సమావేశంలో రెండు నిమిషాలు వెచ్చిస్తే సగం పేచీలు పుట్టవు. కంచె ఎక్కడ తెగింది, డగౌట్ హద్దు గీత ఎక్కడిది, వాక్‌కు, సర్కిల్‌కు ఈ లీగ్‌లో స్థానిక సవరణ ఉందా అన్నవి అక్కడే తేలిపోవాలి. చాలా సమావేశాలు కరచాలనంతో, బ్యాట్ల తనిఖీతో ముగిసిపోతాయి.

కోచ్‌లకు ఉన్న దారి ప్రొటెస్ట్, అంటే అధికారిక అభ్యంతరం. అందులోనూ క్షణం ప్రశ్నే అడ్డొస్తుంది. బంతి చేయి వదిలినప్పుడు రన్నర్ సెకండ్ బేస్ తాకిందా అన్నది అంపైర్ చూసి చెప్పే తీర్పు, దాని మీద ప్రొటెస్ట్ చెల్లదు. తాకలేదని అంపైర్ ఒప్పుకుంటూనే హోమ్ దాకా పంపితే అది నిబంధనను తప్పుగా అన్వయించడం, దాని మీద చెల్లుతుంది. మొదట్లో చెప్పిన ఘటనలో ‘వాక్‌తో బంతి డెడ్’ అని అంపైర్ పొరబడి పరుగును రద్దుచేసి ఉంటే, బ్యాటింగ్ జట్టు కోచ్ టైమ్ అడిగి, నిబంధన చూపించి ఆ పరుగును వెనక్కి తెచ్చుకోగలిగేవాడు. యూఎస్‌ఏ సాఫ్ట్‌బాల్ నిబంధనల్లో అలాంటి ప్రొటెస్ట్‌ను తర్వాతి పిచ్ పడకముందే అంపైర్‌కు తెలపాలి. పిచర్ బంతి వేసేసిందంటే ఆ పరుగు స్కోరు పుస్తకంలోకి ఇక రాదు.